పోడియాట్రీ: పాదాల వైద్యంపై అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో పోడియాట్రిస్టుగా పనిచేస్తూ, క్లినిక్‌కు శిక్షణ కోసం వచ్చే విద్యార్థులకు పని నేర్పే నాకు రోగుల నుంచీ, బంధువుల నుంచీ, అప్పుడప్పుడు ఇతర వైద్యుల నుంచీ పదే పదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పోడియాట్రిస్టు అంటే గోళ్లు తీసి, ఆనెకాయలు కోసే మనిషి.

వాస్తవం: ఆ పనీ చేస్తాం, అందులో నామోషీ ఏమీ లేదు. అయితే ఇంగ్లండ్‌లో సాధారణంగా మూడేళ్ల డిగ్రీ చదివి, హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ అనే నియంత్రణ సంస్థలో నమోదైతే తప్ప ఈ పేరు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అదనపు శిక్షణ పొందినవారికి 2013 నుంచి స్వతంత్రంగా మందులు రాసే అధికారం కూడా ఉంది. నడక తీరును పరిశీలించడం, కాలిలో రక్తప్రసరణ ఎలా ఉందో చూడటం, ఒక కాలు తీసేసినవారికి మిగిలిన పాదాన్ని కాపాడటం వంటివన్నీ మా పనిలో భాగమే.

అపోహ: నొప్పి లేదంటే పాదం బాగున్నట్టే.

వాస్తవం: నేను వినే నమ్మకాల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది లేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న పాదానికి చెప్పులో చేరిన రాయి గానీ, కాపడం పెట్టిన నీళ్ల వేడి గానీ తెలియకపోవచ్చు. 1946లో వెల్లూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ అంతగా పాడవడానికి స్పర్శ పోవడమే ముఖ్య కారణమని తన పరిశీలనల ద్వారా చూపించారు. మధుమేహ పాదాల సంరక్షణకు కూడా ఆ అవగాహనే పునాది అయింది. మనవాళ్లు ఎందరో వైద్యానికి వెళ్లే వెల్లూరు పేరు ఇక్కడి విద్యార్థులకు చెప్పడం నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

స్పర్శను 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పరీక్షిస్తాం. కొత్త విద్యార్థి పోగు ఆనించిన ప్రతిసారీ ‘తెలుస్తోందా?’ అని అడుగుతాడు, రోగి మర్యాదకు ‘ఆ’ అంటాడు, పరీక్ష అక్కడితో చెడిపోతుంది. కళ్లు మూసుకోమని, తెలిసినప్పుడు తమంతట తామే చెప్పమని రోగిని కోరాలి. గట్టిపడిన చర్మం మీద పోగును ఆనించకూడదు.

ఇలా స్పర్శ పోయిన పాదం ఒకటి ఎర్రబడి, వేడెక్కి, వాచిందంటే నొప్పి లేకపోయినా బెణుకని వదిలేయకూడదు. అది షార్కో పాదం, అంటే నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలూ కీళ్లూ బలహీనపడే స్థితి కావచ్చు. తొలి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, దాని మీద నడుస్తూ పోతే ఎముకలు విరిగి పాదం ఆకారమే మారిపోతుంది.

అపోహ: అరికాలి పుండును మాన్పేది మందూ, కట్టూ.

వాస్తవం: పుండు మీద బరువు వేసి నడుస్తున్నంత కాలం ఎంత ఖరీదైన కట్టు కట్టినా ఫలితం ఉండదు. రక్తప్రసరణ తగినంతగా ఉండి, ఇన్ఫెక్షన్ లేనప్పుడు, మోకాలి కింది వరకూ వచ్చే, రోగి తనంతట తాను విప్పుకోలేని కాస్ట్‌కే (పుండు మీద భారం తగ్గించే గట్టి తొడుగుకే) మేము తొలి ప్రాధాన్యం ఇస్తాం. విప్పుకునే వీలుంటే ‘బాత్రూమ్ దాకానే కదా’ అని విప్పేస్తారు. ఇంట్లో చెప్పులు వేసుకోని తెలుగు కుటుంబాలకైతే, పుండు మానాక ఇంటి లోపలికి వేరే జత పెట్టుకోమని ప్రత్యేకంగా చెబుతాను.

అపోహ: మడమ నొప్పికి ఎక్స్‌రేలో కనిపించే ముల్లే (మడమ ఎముక మీద ముల్లులా పెరిగే భాగమే) కారణం.

వాస్తవం: ముల్లు ఉండి కూడా నొప్పి ఎరుగనివారు ఎందరో ఉన్నారు. పిక్కకూ అరికాలికీ క్రమంగా భారం పెంచే వ్యాయామాలు చాలామందికి మేలు చేస్తాయి, కానీ నెలల ఓపిక కావాలి.

అపోహ: విద్యార్థులకు నేర్పడమంటే చికిత్స పని నుంచి విశ్రాంతి.

వాస్తవం: విద్యార్థి చేతిలో బ్లేడు, దాని కింద స్పర్శ లేని పాదం ఉన్నప్పుడు పక్కన నిలబడి చూసేవారికి విశ్రాంతి ఎక్కడిది? గట్టిపడిన చర్మాన్ని పొరలుగా తీస్తుండగా నల్లని రక్తపు మచ్చ కనిపిస్తే, కింద పుండు పడుతోందేమోనని వెంటనే అనుమానించాలి. చర్మాన్ని నున్నగా తీసినంత మాత్రాన నేను మంచి మార్కులు వేయను. ఆ చోటే ఎందుకు గట్టిపడిందని అడిగి, రోగి బూటు తీసుకుని, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసిన విద్యార్థికి వేస్తాను.