టమాటా కాయకు రెగ్యులేటర్

"టమాటా సైజు పెంచాలంటే జన్యువు తీసేయాలా, కొత్తది పెట్టాలా?" అని ఒక పాఠకుడు అడిగారు. తీయడం, పెట్టడం తప్ప మూడో దారి లేదనే అభిప్రాయం మనకు బడిలోనే పడిపోతుంది. మెండెల్ బఠానీ మొక్క పొడుగ్గా అయినా ఉండాలి, పొట్టిగా అయినా ఉండాలి. గళ్లు గీసి మార్కులు తెచ్చుకోవడానికి అది బాగానే ఉంటుంది గానీ, కాయ సైజుకు ఆ లెక్క చాలదు. అక్కడ జన్యువు పక్కనే ఫ్యాన్‌కి ఉన్నట్టు ఓ రెగ్యులేటర్ ఉంటుంది. దాని పేరు ప్రమోటర్. ఆ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయాలో చెప్పే డీఎన్ఏ భాగం అదే.

మొక్క చిగురు కొసన మూలకణాల గుంపు ఒకటుంటుంది, కొత్త భాగాలన్నీ ఆ కణాల నుంచే పుడతాయి. వుషెల్ అనే జన్యువు ఆ గుంపును పెంచుతుంది. పెరిగిన మూలకణాలే క్లావాటా3 అనే చిన్న పెప్టైడ్‌ను, అంటే బుల్లి ప్రోటీన్ ముక్కను, వదులుతాయి, అది వెళ్లి వుషెల్‌ను అణుస్తుంది. క్లావాటా3 జోరు కాస్త తగ్గిందా, గుంపు కాస్త పెద్దదవుతుంది, పూమొగ్గ వెడల్పవుతుంది, కాయలో గింజల గదులు పెరుగుతాయి. అడవి టమాటాను అడ్డంగా కోస్తే సాధారణంగా రెండే గదులు. బాగా లావు కాయల రకాల్లో ఎనిమిది దాటుతాయి. అలాగని క్లావాటా3ని పూర్తిగా ఆపేస్తే పువ్వులూ కాయలూ వికారంగా ఉబ్బిపోతాయి. ఫ్యాన్ ఆపకూడదు, స్పీడు తగ్గించాలి.

రైతులు తెలియకుండానే ఈ పని చేశారు. సుమారు 2,94,000 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి ఎప్పుడో తలకిందులై, దాని ఒక కొస ఆ పెప్టైడ్‌ను తయారుచేసే క్లావాటా3 జన్యువు ప్రమోటర్‌ను తెంచింది. జన్యువు చెక్కుచెదరలేదు, స్పీడు మాత్రం తగ్గింది. కాయ లావుగా కనబడింది, విత్తనం దాచుకున్నారు.

2017లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీలో జాకరీ లిప్‌మన్ బృందం అదే రెగ్యులేటర్‌ను, డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ పద్ధతితో కావాలని కదిపింది. ప్రమోటర్‌లో ఎనిమిది చోట్లకు దారి చూపే ఎనిమిది గైడ్ ఆర్ఎన్ఏలను పంపారు. అవి చూపిన చోట క్యాస్9 అనే ఎంజైమ్ డీఎన్ఏను కోస్తుంది, కణం హడావిడిగా అతుకు వేస్తూ కొన్ని అక్షరాలు పోగొడుతుంది. ఒక్కో మొక్కలో ఒక్కో రకం అతుకు. నాకు బాగా నచ్చిన ఎత్తు ఇంకోటుంది. క్లావాటా3 జన్యువుకు రెండు ప్రతులుంటాయి కదా, ఒకటి ముందే చెడిపోయిన మొక్కలను ఎంచుకున్నారు. దాంతో రెండో ప్రతిలో ప్రమోటర్ ఏమాత్రం బలహీనపడినా వెంటనే బయటపడుతుంది. కోత కోసం మొక్కలో బయటి నుంచి పెట్టిన క్యాస్9 జన్యువు తర్వాతి తరంలో అందని మొక్కలను ఏరుకుంటే, బయటి నుంచి తెచ్చింది పోయి కోత మాత్రం మిగులుతుంది.

"జన్యువులున్న టమాటా తినకండి" అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఒక్క మాట: జన్యువుల్లేని టమాటా ఇంకా పుట్టలేదు.

ఆ క్రిస్పర్ కోతలతో రకరకాల స్పీడుల మొక్కలు వచ్చాయి. చిక్కేమిటంటే రెగ్యులేటర్ మీద అంకెలు లేవు. ప్రమోటర్‌లో పోయిన ముక్క పొడవును బట్టి గానీ, క్లావాటా3 ఎంత తగ్గిందన్న కొలతను బట్టి గానీ గదులెన్నో ముందే చెప్పడం కుదరలేదు. అందుకే ఎంత ఎడిటింగ్ చేసినా, మొక్క కాపుకొచ్చేదాకా ఆగి కాయలు కోసి గదులు లెక్కపెట్టాల్సిందే.