సర్వర్లకూ ముసలితనం వస్తుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: కోడ్‌లో ఎవరూ వేలు పెట్టలేదు, కొత్తగా సమస్య ఎందుకొస్తుంది?

వాస్తవం: ముసలిదయ్యేది కోడ్ కాదు, నడుస్తున్న ప్రాసెస్ (మెమరీలో పనిచేస్తున్న ప్రోగ్రామ్). తిరిగి ఇవ్వని మెమరీ, మూయని ఫైళ్లు, లెక్కల్లో చిన్న చిన్న తేడాలు రోజూ పేరుకుంటూ పోతాయి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ అప్పటికే 100 గంటలుగా ఆగకుండా నడుస్తోంది. దాని గడియారం కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదో వంతును 24 బిట్లకు కుదించడంతో వచ్చిన తేడా పేరుకుని 0.34 సెకన్లయింది. అంతలో ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది. రాడార్ తప్పు చోట వెతికింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది. మరీ ఎక్కువసేపు నడిపితే తేడా వస్తుందని అంతకుముందే పేట్రియట్ వాడేవాళ్లకు కబురు పంపారు గానీ, ఎన్ని గంటలైతే ‘ఎక్కువసేపు’ అన్నది అందులో లేదు. రన్‌బుక్‌లో (సర్వర్ నడిపేవాళ్ల సూచనల పుస్తకంలో) ‘అప్పుడప్పుడు రీస్టార్ట్ చేయండి’ అని రాసి ఊరుకునేవాళ్లు ఈ మాట ఇంకోసారి చదవండి.

అపోహ: అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన కాలం) ఎంత ఎక్కువుంటే సర్వర్ అంత గట్టిది.

వాస్తవం: 400 రోజుల అప్‌టైమ్ కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో అన్నాళ్లుగా ఎవరూ చూడలేదన్నమాట. విండోస్ 95 ఆపకుండా 49.7 రోజులు నడిస్తే బిగుసుకుపోయేది. 32 బిట్ల మిల్లీసెకన్ల లెక్క సరిగ్గా అక్కడ నిండుతుంది. లినక్స్ వాళ్లు ఇలాంటి కౌంటర్‌నే బూట్ అయిన 5 నిమిషాలకు నిండి మళ్లీ సున్నాకొచ్చేలా పెట్టారు. ఎప్పుడో బయటపడాల్సిన బగ్ డెవలపర్ కళ్ల ముందే బయటపడుతుంది. నాకు భలే నచ్చిన పని ఇది.

అపోహ: వాడని మెమరీని తనంతట తానే వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ ఉందిగా, జావాలో లీకులుండవు.

వాస్తవం: ఉంటాయి. అక్కర్లేని డేటాకు ప్రోగ్రామ్‌లో ఏదో మ్యాప్‌లో (జాబితాలాంటిది) రిఫరెన్స్ మిగిలి ఉంటే కలెక్టర్ దాని జోలికే పోదు. పైగా లీకయ్యేది మెమరీ ఒక్కటే కాదు. మా దగ్గర ఒక సర్వీసు తొమ్మిది పది రోజులకోసారి పడిపోయేది. మెమరీ గ్రాఫ్ చూస్తే పెరగకుండా అడ్డంగా గీత గీసినట్టు ఉండేది. చివరికి ఒక నైట్ షిఫ్ట్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్) కొట్టి చూస్తే 900కు పైగా సాకెట్లు, అంటే నెట్‌వర్క్ కనెక్షన్ల కొసలు, క్లోజ్ వెయిట్‌లో ఉన్నాయి: అవతలివాళ్లు మూసేశారు, మనం ఇంకా మూయలేదు. అవతలి సర్వర్ టైమౌట్ అయిన ప్రతిసారీ మా కోడ్ కనెక్షన్ మూయకుండా వదిలేస్తోంది. సాకెట్లు కూడా ఫైళ్ల లెక్కలోకే వస్తాయి, ఆ ప్రాసెస్ తెరవగల ఫైళ్ల పరిమితి 1024.

అపోహ: రీస్టార్ట్ చేయడమంటే చేతగాక చేసే పని.

వాస్తవం: బెల్ ల్యాబ్స్ వాళ్లు 1995లోనే దీన్ని సాఫ్ట్‌వేర్ రిజువెనేషన్ పేరుతో పద్ధతిగా ప్రతిపాదించారు. పడిపోయేదాకా ఆగకుండా, రద్దీ లేని వేళ చూసి మనమే ఆపి లేపడం. పైథాన్ వెబ్ సర్వర్ గునికార్న్‌లో మ్యాక్స్ రిక్వెస్ట్స్ (ఇన్ని రిక్వెస్టులయ్యాక వర్కర్ ప్రాసెస్ రీస్టార్ట్ అవ్వాలన్న సెట్టింగ్) పెట్టేటప్పుడు జిట్టర్ (ఆ సంఖ్యలో కొద్దిపాటి యాదృచ్ఛిక తేడా) కూడా పెట్టండి, లేకపోతే వర్కర్లన్నీ దాదాపు ఒకేసారి దిగిపోతాయి. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో ఇలా ఆపి లేపే వ్యవధి డిఫాల్ట్‌గా 1740 నిమిషాలు, అంటే 29 గంటలు. 24 తర్వాత వచ్చే మొదటి ప్రధాన సంఖ్య అది, కాబట్టి రోజూ ఒకే వేళకు పడదు.

ఆపే ముందు మాత్రం హీప్ డంప్ (ప్రోగ్రామ్ మెమరీలో ఏముందో దాని నకలు), ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఔట్‌పుట్ తీసి దాచుకోండి. పైన చెప్పిన సాకెట్లు మాకు మూడు రీస్టార్ట్‌ల దాకా దొరకలేదు. ప్రతిసారీ కంగారులో ముందు రీస్టార్ట్ కొట్టి, తర్వాత లాగ్‌లు వెతుక్కున్నాం.