పోయేటప్పుడు ఆరు గంటలు, వచ్చేటప్పుడు రెండున్నరేనా?

పిల్లలూ,

యూరప్ మ్యాప్ ముందు పెట్టుకుని ఈ ఉత్తరం చదవండి. పడమటి అంచున, అట్లాంటిక్ ఒడ్డుకు దగ్గర్లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ ఉంది. తూర్పున గ్రీసు రాజధాని ఏథెన్స్. మధ్య దూరం నేరుగా కొలిస్తే సుమారు 2,850 కిలోమీటర్లు. గుజరాత్ పడమటి కొస నుంచి అరుణాచల్ తూర్పు కొసకు 2,933 కిలోమీటర్లని సోషల్ పుస్తకంలో చదివే ఉంటారు. అంటే ఇంచుమించు మన దేశమంత వెడల్పన్నమాట.

ఇప్పుడు టికెట్టు చూద్దాం. లిస్బన్‌లో మధ్యాహ్నం 12:00కి బయల్దేరే విమానం ఏథెన్స్‌లో సాయంత్రం 5:50కి దిగుతుందని ఉందనుకోండి. తిరుగు విమానం ఏథెన్స్‌లో 12:00కి బయల్దేరి లిస్బన్‌లో 2:20కే దిగుతుంది. అదే దారి, అదే రకం విమానం. పెద్దవాళ్లు కూడా ఇక్కడ తికమకపడతారు.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఏథెన్స్ గడియారం లిస్బన్ కంటే 2 గంటలు ముందుంటుంది. కాబట్టి పోయేటప్పుడు 2 గంటలు తీసేయాలి, వచ్చేటప్పుడు కలపాలి. అసలు ప్రయాణం వెళ్లేటప్పుడు 3 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 4 గంటల 20 నిమిషాలు.

మన దేశానికంతా కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం లెక్కన ఒకటే టైము. అరుణాచల్‌లో సూర్యుడు గుజరాత్ కంటే దాదాపు రెండు గంటల ముందే వచ్చినా గడియారం మారదు. అక్కడ అంతే దూరంలో మూడు టైములు: పోర్చుగల్‌ది ఒకటి, స్పెయిన్, ఇటలీలది ఒకటి, గ్రీసుది ఇంకొకటి. నాకు విచిత్రంగా అనిపించేది స్పెయినే. 1940లో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంది; పోర్చుగల్ పక్కనే ఉండి కూడా ఇప్పుడు దానికంటే ఒక గంట ముందు నడుస్తోంది.

సరే, టైము తేడా సర్దేశాం. మరి ఆ అరగంట ఎక్కడిది? అది గాలి పని. విమానాలు ఎగిరే 10, 11 కిలోమీటర్ల ఎత్తులో అక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో ఇంకా జోరు. ఏటి వాలుకు పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ ఉన్న తేడాయే ఇది. విమానం సొంత వేగం గంటకు 830 కిలోమీటర్లు, గాలి వేగం 60 అనుకోండి. ఏథెన్స్ వైపు 890 అవుతుంది, లిస్బన్ వైపు 770. దూరాన్ని వీటితో భాగించండి: 3 గంటల 12 నిమిషాలు, 3 గంటల 42 నిమిషాలు. సరిగ్గా అరగంట!

ఇంకా 38 నిమిషాలు మిగిలాయి కదా. టికెట్టు మీది టైము విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, లైన్లో ఆగడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే.

ఇప్పుడొక లెక్క మీకు. లండన్ నుంచి ఇస్తాంబుల్‌కు సుమారు 2,500 కిలోమీటర్లు. లండన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. టర్కీ 2016 నుంచి అలా తిప్పడం మానేసింది. అందుకే రెండు ఊళ్ల మధ్య తేడా ఎండాకాలంలో 2 గంటలు, చలికాలంలో 3. విమానం వేగం, గాలి, ఆ 38 నిమిషాలు పై లెక్కలోవే అనుకుని, జనవరిలో లండన్‌లో ఉదయం 10:00కి బయల్దేరితే ఇస్తాంబుల్‌లో ఎన్నింటికి దిగుతారో లెక్కేసి, ఎలా వేశారో కూడా రాసి పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య