ఆ పచ్చరంగు లోపల ఏముంది?

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు శ్రీశైలం వెళ్ళొచ్చారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. దోర్నాల దాటాక ఫోన్‌లో మ్యాప్ తీస్తే ఒక్క రోడ్డు గీత, చుట్టూ పచ్చరంగు తప్ప ఇంకేమీ కనిపించలేదట. "ఈ పచ్చలో మనుషులెవరూ లేరా?" అని చిన్ని అడిగిందట. ఉన్నారు తల్లీ. నల్లమలలో చెంచులు తరతరాలుగా ఉంటున్నారు. ఏ వాగు ఎండాకాలం దాకా పారుతుందో, ఏ చెట్టుకి తేనెపట్టు పడుతుందో వాళ్ళకి తెలుసు. మ్యాప్ గీసినవాళ్ళు వాళ్ళని అడిగి ఉండరు.

అడిగితే ఎలా ఉంటుందో చూడాలంటే కెన్యా దాకా పోవాలి. అక్కడ మావ్ అనే పెద్ద కొండ అడవి ఉంది. అందులో ఉండే ఓగియెక్ జనానికి తేనే ప్రాణం. దుంగని చీల్చి, లోపల డొల్లగా తొలిచి, మళ్ళీ కలిపి ఎత్తయిన చెట్టు కొమ్మల్లో పెడతారు. తేనెటీగలు వచ్చి అందులో కాపురం పెడతాయి. కొండ కింద పూసే కాలం వేరు, పైన పూసే కాలం వేరు. అందుకే వాళ్ళలో ఒక్కో వంశానికి చెందిన అడవి, కొండ అడుగు నుంచి పైదాకా నిలువు పట్టీలా ఉంటుంది. పూత ఎక్కుతుంటే మనుషులూ దాని వెంట ఎక్కుతారు. ఇలాంటి అడవిని బల్లపరుపు కాగితం మీద గీస్తే సగం సంగతి పోతుంది.

అందుకని 2006లో నెస్సుయిట్ అనే చోట వాళ్ళు అడవిని బొమ్మగా కట్టారు. ఎలా కట్టారో చెప్పనా? అట్లతద్ది వస్తోందిగా, అట్లతోనే చెబుతాను. పళ్ళెంలో ఒక పెద్ద అట్టు వెయ్యండి. దానిమీద కాస్త చిన్నది, దానిమీద ఇంకా చిన్నది. కొండ లేచిందా? పై అట్టు అంచుకీ కింది అట్టు అంచుకీ మధ్య జాగా ఎక్కువుంటే అక్కడ నింపాదిగా ఎక్కొచ్చు. అంచులు దగ్గరపడితే నిట్టనిలువు. అంచు లోపలికి నొక్కుకుపోయిన చోట వాగు దిగుతుంది. నమ్మకపోతే పైనుంచి బెల్లం పాకం పొయ్యండి, ఎటు జారుతుందో అదే వాగు దారి.

మా చిన్నప్పుడు అట్లతద్దికి తెల్లారకముందే అక్కయ్యలు లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి తినేవారు. నోములో మగపిల్లలకి పని లేకపోయినా నేనూ లేచి ముద్దకోసం కూర్చునేవాణ్ణి. చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల మీద నించుని ఊగితే ఊరి చెరువు, కట్ట, దానవతల బీడు ఒక్కసారిగా కనిపించేవి. మా ఊరు పల్లంలో ఉందని నాకు అక్కడే తెలిసింది.

ఓగియెక్‌లు అట్ల బదులు వాడింది కాగితపు అట్టముక్కలు. బొమ్మమీద ఒక సెంటీమీటరంటే అడవిలో వంద మీటర్లు. ఇలాంటి బొమ్మలకి అట్టలు కత్తిరించి అంటించే పని చాలా చోట్ల బడిపిల్లలదే. ఆ తరవాత పెద్దవాళ్ళు చుట్టూ చేరతారు. దారులకి దారాలు, ఇళ్ళకి గుండుసూదులు, అడవికి రంగులు. వాళ్ళు పాత రోజుల్లో, 1920ల నాటి అడవి ఎలా ఉండేదో అలా రంగు వేశారు. ఇప్పటి అడవిని ఆ బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఎక్కడ చెట్లు పోయాయో, ఏ వాగు తల దగ్గర ముందు నాటాలో అందరూ ఒకేచోట నిలబడి మాట్లాడుకోవచ్చు. అన్నీ పెట్టాలని కూడా లేదు. పరాయివాళ్ళ కంట పడకూడదనుకున్న చోటుని చెప్పకుండా ఉంచుకునే హక్కు ఆ జనానిదే. నన్నడిగితే ఈ పద్ధతిలో అన్నిటికంటే మర్యాదైన సంగతి ఇదే.

2009లో కెన్యా ప్రభుత్వం అడవి ఖాళీ చెయ్యమని వాళ్ళకి నోటీసు ఇచ్చింది. గొడవ ఆఫ్రికా మానవ హక్కుల కోర్టుదాకా వెళ్ళింది. అడవిని కాపాడే పేరుతో వాళ్ళని వెళ్ళగొట్టడం తప్పని 2017 మే 26న కోర్టు తీర్పు చెప్పింది. అయినా 2023లో మళ్ళీ ఇళ్ళు కూల్చారు. తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. అడవిని ఆకు ఆకునా ఎరిగినవాళ్ళని బయటికి నెట్టి అడవిని ఎవరు కాస్తారు?

మన దగ్గర కూడా 2006లోనే, అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్ళకి దానిమీద హక్కుని గుర్తించే అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని నియమాల ప్రకారం ఊరి పెద్దల మాటని రాసి పెడితే అది సాక్ష్యమే. పూజించే చెట్టు, పాత సమాధులు, దుంపలు తవ్వుకునే చోటు, తాగే నీటి ఊట కూడా సాక్ష్యాలే. ఊరివాళ్ళు హద్దు వెంట నడిచి, గుర్తులు చూపించి, పటం తయారు చేసుకుని గ్రామసభ ముందు పెట్టొచ్చు.

ఇక మీ పని. ఈ ఆదివారం పాత అట్టపెట్టెలు కోసి మన ఊరి చెరువూ గట్టూ కట్టండి. నాలుగు వరసలు చాలు. రంగు వేసేముందు అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, తన చిన్నప్పుడు చెరువులోకి నీళ్ళు ఎటునుంచి వచ్చేవో అడగండి. తను చూపించిన చోట నీలం దారం పెట్టి, మర్నాడు అక్కడికి నడిచి వెళ్ళి చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య