కంచె దాటి వచ్చిన అతిసారం

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కొద్ది రోజులకే అమెరికా దళాలు సౌదీ అరేబియాలో దిగాయి. పోరు మొదలైంది మరుసటి జనవరిలో. ఈలోపే సైనికుల్ని విరేచనాలు పడగొట్టాయి. పోరాట దళాల్లో 2,022 మందిని అడిగితే, 57 శాతం మంది ఒక్కసారైనా ఆ బాధ పడ్డామన్నారు. ప్రతి ఐదుగురిలో ఒకరు కొంతకాలం విధులు చేయలేకపోయామన్నారు.

సైన్యానికి ఇది పాత గాయం. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి సొంత గడ్డ మీదే శిబిరాలు వేసుకున్న అమెరికన్ దళాల్లో 20 వేల మందికి పైగా టైఫాయిడ్ సోకింది, 1,500 మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధంలో శత్రువు చేతిలో చనిపోయినవారు 400 లోపే. కారణం వెతకడానికి వెళ్లిన సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందానికి భోజనాల దగ్గర ఈగలు కనిపించాయి. వాటి కాళ్లకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. అది మరుగుదొడ్ల గుంటల్లో చల్లిన సున్నం! అక్కడ వాలిన ఈగలే తిండి మీద వాలుతున్నాయన్నమాట. ఆ తరువాత మరుగుదొడ్లు, వంటశాలల విషయంలో సైన్యం కట్టుదిట్టమైన నియమాలు పెట్టుకుంది.

ఆ నియమాలు కాపాడేది శిబిరం కంచె లోపలే. సౌదీలో జబ్బు బయటి నుంచి వచ్చింది. రోజుల తరబడి ప్యాకెట్ భోజనం తిన్నవాడికి పళ్లెంలో పచ్చి కూరగాయ ముక్కలు కనబడితే ప్రాణం లేచొస్తుంది. ఆ కూరగాయలు ఎక్కువగా ఆ ప్రాంతంలో సేకరించినవే. వైద్యుల వేలు వాటి వైపే చూపింది. ఉడికిస్తే చచ్చే క్రిమి పచ్చి ముక్క మీద బతికే ఉంటుంది. పొలంలో పారిన నీరు ఎలాంటిదో, కోసిన చేతులు ఎంత శుభ్రమో తినే సైనికుడికి తెలిసే దారి లేదు. అతని కడుపు బలహీనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మలపరీక్ష చేయించుకున్న 432 మందిలో దాదాపు సగం మందిలో వ్యాధికారక బ్యాక్టీరియా దొరికింది. అందులో ముఖ్యమైనవి నీళ్ల విరేచనాలు కలిగించే ఒక రకం ఈ.కోలై, జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా. వీటిలో సగానికి పైగా టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగలేదు. తెలుగువాడిగా ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో వచ్చింది. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే. సౌదీలో పరీక్షించిన ఈ.కోలై, షిగెల్లా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు మాత్రం లొంగాయి.