సియోల్ టవర్ల గొడవకు అసలు మూలం: జూగా మారిన చాంగ్యొంగ్‌గుంగ్ ప్యాలెస్

2025 అక్టోబర్ 30న సియోల్ నగర ప్రభుత్వం ఇచ్చిన ఒక నోటిఫికేషన్‌తో పాత గొడవ మళ్లీ రాజుకుంది. నగరం నడిబొడ్డున సెఉన్ 4వ జోన్‌లో కట్టబోయే భవనాలకు అంతకుముందు 71.9 మీటర్లు దాటకూడదన్న పరిమితి ఉండేది. దాన్ని ఏకంగా 145 మీటర్ల దాకా పెంచేశారు. ఆ జోన్‌కు 200 మీటర్లు కూడా లేని దూరంలో జోంగ్‌మ్యో ఉంది. కొరియాను ఏలిన జొసొన్ వంశపు రాజులు, రాణుల ఆత్మలు ఉంటాయని నమ్మే ఫలకాలకు ఇప్పటికీ ఏటా సంగీతంతో, నృత్యంతో పూజలు జరిగే చోటు అది. కొరియా నుంచి యునెస్కో జాబితాకెక్కిన మొదటి మూడింటిలో ఒకటి. నోటిఫికేషన్ వచ్చిన వారానికే, నవంబర్ 6న సుప్రీంకోర్టు కూడా నగరం వైపే తీర్పు ఇచ్చింది. మర్నాడే సాంస్కృతిక మంత్రి, ఆ తర్వాత ప్రధాని కిమ్ మిన్-సొక్ టవర్ల ఎత్తును వ్యతిరేకిస్తూ జోంగ్‌మ్యో ప్రాంగణానికి వచ్చి నిలబడ్డారు. మేయర్ ఓ సే-హున్ ప్రధానిని బహిరంగ చర్చకు పిలిచారు.

చాలామంది దీన్ని 2004లో మొదలైన రీడెవలప్‌మెంట్ పంచాయతీగా చెబుతున్నారు. ఎత్తు ఎంత, నీడ ఎక్కడ పడుతుంది, కోర్టు ఏమంది అన్నదే చర్చ. నా ఉద్దేశంలో ఇది జోంగ్‌మ్యో గోడకు ఉత్తరాన, పక్క ప్రాంగణంలో 1909లో మొదలైంది. ఆ ప్రాంగణం పేరు చాంగ్యొంగ్‌గుంగ్.

చాంగ్యొంగ్‌గుంగ్ ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నది కొరియన్ డ్రామాలు చూసే మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 15వ శతాబ్దంలో సొంగ్‌జొంగ్ రాజు తన ఇంటి ముగ్గురు పెద్ద రాణుల కోసం కట్టించాడు. యువరాజు సాదోను బియ్యప్పెట్టెలో మూసి చంపింది కూడా ఇక్కడే, 1762లో. ఆ కథ మీద ఎన్ని సీరియల్స్ వచ్చాయో లెక్కలేదు. కాబట్టి నేరుగా 1907కు వెళ్దాం.

ఆ ఏడాది జపాన్ ఒత్తిడితో గోజొంగ్ చక్రవర్తి గద్దె దిగాడు. కొడుకు సున్‌జొంగ్‌ను కూర్చోబెట్టి, పక్కనే ఉన్న చాంగ్డొక్‌గుంగ్‌కు మార్చారు. కొత్త చోట ఆయనకు తోచక దిగులుపడతాడని, ఆయన మనసు మళ్లించడానికి చాంగ్యొంగ్‌గుంగ్‌లో జంతువులు, మొక్కలు పెడతామని జపాన్ అధికారులు చెప్పారు. రాజగృహ వ్యవహారాల శాఖలో ఉప మంత్రిగా కూర్చున్న జపనీయుడు కొమియా మిహోమాత్సు ఈ పని నడిపించాడు. భవనాలు పడగొట్టి బోనులు కట్టారు. 1909 నవంబర్ 1న జూ, బొటానికల్ గార్డెన్, మ్యూజియం జనానికి తెరిచారు. దానికి ఐదారు రోజుల ముందే, అక్టోబర్ 26న, చైనాలోని హార్బిన్ స్టేషన్‌లో, అంతకుముందు కొరియా మీద జపాన్ పెత్తనం నడిపిన ఇతో హిరోబుమిని కొరియా స్వాతంత్ర్య యోధుడు అన్ జుంగ్-గున్ కాల్చి చంపాడు. అయినా తెరవడం ఆగలేదు. మరో పది నెలలకు దేశమే జపాన్‌లో కలిసిపోయింది. 1911లో ప్యాలెస్ అన్న మాట తీసేసి, ఆ చోటుకు చాంగ్యొంగ్‌వొన్ అన్న ఉద్యానవనం పేరు తగిలించారు.

రాజును ఓదార్చడానికే అన్న మాటను నేను నమ్మను. ఒక్క మనిషి దిగులు తీర్చడానికి మ్యూజియం, టికెట్ కౌంటర్ అక్కర్లేదు. ఊరి జనం టికెట్ కొని, రాజు ఇంట్లోకి వచ్చి, కోతులకు పల్లీలు వేసి వెళ్లేలా చేశాక ఆ రాజవంశం మీద గౌరవం ఎంత మిగులుతుందో అధికారులకు బాగా తెలుసు. పైగా ఇది ఎవరూ గట్టిగా తప్పు పట్టలేని పద్ధతిలో జరిగింది. పచ్చదనం, విజ్ఞానం, ప్రజలందరికీ ప్రవేశం. వీటిని వద్దన్నవాడు చాదస్తుడిలా కనిపిస్తాడు. ఈ మూడు మాటలను గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి వాదనలోనూ ఇవే వినిపిస్తాయి.

ఇప్పుడు వెళ్లి చూసినా ఆ దెబ్బ కనిపిస్తుంది. హొంగ్వామున్ గేటు దాటి, ఒక్‌చొన్‌గ్యో రాతి వంతెన ఎక్కి, ముందుకు నడిస్తే మ్యొంగ్‌జొంగ్‌జొన్ వస్తుంది. 1616లో తిరిగి కట్టిన ఈ సింహాసన మందిరం సియోల్ ప్యాలెస్‌లలో ఉన్నవాటిలోకెల్లా పాతది. మిగతావి దక్షిణం చూస్తుంటే ఇది తూర్పు చూస్తుంది. దాని వెనక నాలుగైదు భవనాలు చూసేసరికి ఉన్నట్టుండి ఖాళీ వచ్చేస్తుంది. విశాలమైన పచ్చిక, ఏపుగా పెరిగిన చెట్లు, మెలికలు తిరిగిన దారులు. టూరిస్టులు దాన్ని రాజుల తోట అనుకుని ఫొటోలు దిగుతారు. 1830 ప్రాంతంలో వేసిన డొంగ్గ్వొల్‌దో అనే పెద్ద చిత్రంలో ఆ చోట తోట లేదు. పెంకు కప్పులు ఒకదానికొకటి ఆనుకుని, గోడలు, వాకిళ్లు, లోగిళ్లతో కిక్కిరిసి ఉంది. రాణులు, పిల్లలు, దాసీలు కాపురమున్న ఇళ్లవి. అగ్నిప్రమాదాల్లో పోయినవి కొన్ని ఉన్నా, జూ కోసం కూలగొట్టిన చోట్ల ఆ తర్వాత మిగిలిందే ఈ పచ్చిక.

ఇంకా ఉత్తరానికి నడిస్తే చున్‌దాంగ్‌జి కొలను. శరదృతువులో ఎర్రబడిన మేపుల్ ఆకులు నీళ్లలో కనిపిస్తాయని జనం ఎగబడేది ఇక్కడికే. వెనకాల ఉన్న చిన్న కొలను పాతదే. ముందున్న పెద్దది మాత్రం 1909లో తవ్వించింది. అంతకుముందు అది వరి పొలం. రాజు అక్కడ సాగు పని చూసేవాడు, ఆ ఏడు పంట తీరు ఎలా ఉండబోతుందో దాన్నిబట్టి తెలుసుకునేవాడు. ప్రజల తిండి బాధ్యత నాది అని పాలకుడు తనకు తాను గుర్తుచేసుకునే చోటును తవ్వి, పడవ షికారుకు కొలను చేశారు. 1962లో ఆ నీళ్ల మీదుగా రోప్‌వే కూడా వేశారు. అప్పటికి జపాన్‌వాళ్లు వెళ్లిపోయి పదిహేడేళ్లయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండో భాగమే. 1924 నుంచి రాత్రిపూట దీపాలు పెట్టి చెర్రీ పూల వేడుక నడిపింది వలస ప్రభుత్వం. 1945 జులైలో, బాంబులు పడితే బోనులు బద్దలై మృగాలు ఊరి మీద పడతాయని చెప్పి, జూలో జంతువులకు విషం పెట్టి చంపించిందీ వాళ్లే. స్వాతంత్ర్యం వచ్చింది, యుద్ధం వచ్చింది, రెండూ అయ్యాక కొరియన్లు చేసిన పని కొత్త జంతువులను తెచ్చి జూ మళ్లీ తెరవడం. అందులో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. తిండికి లేని రోజుల్లో, పిల్లలను తీసుకెళ్లడానికి సియోల్‌లో మరో చోటు లేదు. పూల రోజుల్లో తొక్కిసలాడే జనం, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు, మడత పెట్టిన చాప, అన్నం మూట. రెండు తరాల బాల్యం అక్కడే గడిచింది. ఆ ఆనందం నిజమైనదే. అయితే ప్యాలెస్ అంటే నగరానికి ఏ అవసరం వస్తే దానికి వాడుకునే ఖాళీ జాగా అన్న అలవాటు ఆ ఆనందంతో పాటే ఒంటబట్టింది.

ఆ అలవాటు ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే కాస్త వెనక్కి, 1931-32కు రావాలి. చాంగ్యొంగ్‌గుంగ్, జోంగ్‌మ్యో మొదట్లో విడివిడి స్థలాలు కావు. కొండ మీంచి దిగిన అడవి ఒక్కటే, మధ్యలో ఒక గోడ, ఆ గోడకు బుక్‌షిన్‌మున్ అని ఒక వాకిలి. రాజు ఆర్భాటం లేకుండా పూర్వీకుల దగ్గరకు వెళ్లాలంటే ఆ వాకిలి గుండా వెళ్లేవాడు. ఆ మధ్య నుంచి రోడ్డు వేస్తామంటే సున్‌జొంగ్ ఒప్పుకోలేదు. ఆయన 1926లో పోయాడు. తర్వాత అడవిని రెండుగా కోసి రోడ్డు వేసేశారు. ఇప్పుడు దాన్ని యుల్‌గోక్-రో అంటారు. ట్రాఫిక్ కోసమే అన్నారు. ట్రాఫిక్‌కు అది పనికొచ్చింది కూడా.

దాన్ని సరిచేయడానికి తొంభై ఏళ్లు పట్టింది. రోడ్డును సొరంగంలోకి దించి, పైన 8,000 చదరపు మీటర్ల మట్టి పరిచి, చెట్లు నాటి, 503 మీటర్ల గోడను తిరిగి కట్టి 2022 జులైలో తెరిచారు. ఈ పని చేసిందీ సియోల్ నగర ప్రభుత్వమే, మేయర్ కూడా ఇదే ఓ సే-హున్. ఆ మేలు ఆయన ఖాతాలో వేయాల్సిందే. అయితే గోడ కట్టాక కూడా వాకిలి తెరుచుకోలేదు. చాంగ్యొంగ్‌గుంగ్‌లో ఎవరికి వారు తిరగొచ్చు, జోంగ్‌మ్యోలో మామూలు రోజుల్లో గైడ్‌తోనే వెళ్లాలి, టికెట్లు వేరు. బుక్‌షిన్‌మున్ తలుపులు సందర్శకులకు తెరిచింది 2024 అక్టోబర్ 9న. అదీ శని, ఆదివారాలు, సెలవు రోజులు, నెలలో చివరి బుధవారం మాత్రమే. వెళ్లేవాళ్లు ఆ రోజులు చూసుకుని వెళ్తే, రాజు నడిచిన దారినే ప్యాలెస్ నుంచి జోంగ్‌మ్యోలోకి నడవొచ్చు.

జూ సంగతి అంతకుముందే తేలింది. 1983 చివర్లో చాంగ్యొంగ్‌వొన్ మూతబడింది, పాత పేరు తిరిగొచ్చింది. జంతువులు గ్వాచొన్‌లోని సియోల్ గ్రాండ్ పార్క్‌కు వెళ్లాయి, చెర్రీ చెట్లను తవ్వి వేరే చోట్ల నాటారు. కొన్ని భవనాలు తిరిగి కట్టి 1986లో తెరిచారు. జపాన్ పద్ధతిలో కట్టిన పాత మ్యూజియం భవనాన్ని 1992లో కూల్చేశారు. 1909 నాటి గాజు గ్రీన్‌హౌస్‌ను మాత్రం ఉంచారు. తెల్లటి ఇనుప చట్రాల మధ్య కొరియా మొక్కలు పెంచుతున్నారు, 2004లో వారసత్వ కట్టడంగా నమోదు చేశారు. ఉంచడమే సరైనదని నా అభిప్రాయం. జరిగిందేమిటో చూపడానికి ఒక్క సాక్ష్యమైనా అక్కడ నిలబడి ఉండాలి.

ఇప్పుడు మళ్లీ టవర్ల దగ్గరకు. 1995లో జోంగ్‌మ్యోను జాబితాలో చేర్చేటప్పుడే, చుట్టూ ఎత్తైన భవనాలు లేచి చూపు దెబ్బతినకుండా హామీ తీసుకోవాలన్న సూచన ఆ రికార్డుల్లో ఉంది. సెఉన్ 4వ జోన్‌లో 2009లో 122 మీటర్ల ప్లాన్ వచ్చింది. వారసత్వ కమిటీ సమీక్షల మీద సమీక్షలు జరిపి దాన్ని 71.9కు దించింది. ఏళ్ల తరబడి మాట్లాడుకుని కుదుర్చుకున్న అంకె అది. 2023లో నగర మండలి, వారసత్వ స్థలానికి వంద మీటర్ల దూరం దాటిన చోట కట్టే భవనాలైనా దాన్ని దెబ్బతీసేలా ఉంటే పరిశీలించాలన్న నిబంధనను తీసేసింది. సుప్రీంకోర్టు చెల్లుతుందన్నది ఆ తీసివేతనే. అది కోర్టు పరిధిలోని మాట. 145 మీటర్లు మంచిదా కాదా అన్నది కోర్టు చెప్పలేదు.

నగరం వాదన ఇది. పాడుబడ్డ సెఉన్ షాపింగ్ బ్లాకులు తీసేస్తే జోంగ్‌మ్యో నుంచి నామ్‌సాన్ కొండ దాకా పచ్చని దారి వస్తుంది. ఆ ఖర్చు రావాలంటే పక్కన ఎత్తు పెంచాలి. జోంగ్‌మ్యోకు దగ్గరి వైపు ఎత్తు తగ్గించి, దూరం వైపు పెంచాం కాబట్టి నీడ పడదు. సెఉన్ పరిస్థితి నిజంగానే బాగాలేదు, ఇరవై ఏళ్లుగా ఎటూ తేలక వడ్డీలు కట్టుకుంటున్న స్థల యజమానుల గోడు కూడా నిజం.

కానీ జోంగ్‌మ్యోకు నీడ ఒక్కటే సమస్య కాదు. ప్రధాన మందిరం జొంగ్‌జొన్ పొడవు 101 మీటర్లు, 19 గదులు, ఒకే కప్పు. ముందు గరుకు రాళ్లు పరిచిన పెద్ద వేదిక. రంగుల హంగు లేదు, శిల్పాలు లేవు. ఆ అడ్డగీత లాంటి కప్పు, చెట్లు, పైన ఆకాశం, ఇంతే ఉంది. అక్కడ వేదిక మీద నిలబడి దక్షిణానికి తిరిగితే చెట్ల పైన కనిపించేది ఆకాశం కావాలా, ఆఫీసు అద్దాలు కావాలా అన్నదే అసలు తగాదా. ఐదేళ్లు మరమ్మతు చేసి, ఫలకాలను ఊరేగింపుగా వెనక్కి తెచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఎత్తు పెంచింది అదే ఏడాది అక్టోబర్‌లో.

ప్రజలకు పచ్చదనం ఇస్తాం అన్న మాట మీద నాకున్న అనుమానమల్లా 1909 వల్లే. అప్పుడూ పచ్చదనమే ఇచ్చారు. ఇచ్చింది ఎంతో, దాని కింద పోయింది ఎంతో లెక్క వేయడానికి డెబ్బై నాలుగేళ్లు పట్టింది, పోయిన ఇళ్లలో చాలావరకు ఇప్పటికీ తిరిగి రాలేదు. గింపోలో జాంగ్‌నుంగ్ రాజసమాధి ముందు అపార్ట్‌మెంట్లు లేచినప్పుడూ ఇదే జరిగింది. గొడవ కొనసాగుతుండగానే కట్టడం అయిపోయింది, 2022లో జనం కాపురానికి వచ్చేశారు. కట్టాక కూల్చమనడం ఎవరివల్లా కాదు.

అందుకే యునెస్కో అడుగుతున్న ప్రభావ అంచనా ముందు జరగాలి, పునాది తర్వాత పడాలి. వారసత్వ శాఖ నవంబర్‌లోనే జోంగ్‌మ్యో చుట్టూ ప్రపంచ వారసత్వ జోన్‌ను ఖరారు చేసే పని మొదలుపెట్టింది, దాంతో అంచనా కోరే అధికారం చట్టబద్ధంగా వస్తుంది. కొత్త కట్టడాల కారణంగా జర్మనీలోని డ్రెస్డెన్ 2009లో, బ్రిటన్‌లోని లివర్‌పూల్ 2021లో జాబితా నుంచి పోయాయి, కాబట్టి యునెస్కోది ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు. ఇక స్థల యజమానులకు జరుగుతున్న ఆలస్యం. ఆకాశాన్ని అలాగే ఉంచమని దేశం అడుగుతున్నప్పుడు, దాని ఖర్చు ఆ కొద్దిమంది మీదే వేయడం న్యాయం కాదు. ఆ డబ్బు కేంద్రం ఇస్తుందా, నగరం ఇస్తుందా అన్నది టీవీ చర్చల్లో ఇంకా ఎవరూ తేల్చలేదు.