టీకా ట్రయల్ కాగితం మీద సంతకం: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మా ఊరి డాక్టర్ల సంఘం సమావేశంలో రెండు విషయాల మీద వాదోపవాదాలు జరిగాయి. ఒకటి సభ్యత్వ చందా పెంపు, రెండోది టీకా ట్రయల్స్, అంటే కొత్త టీకాను మనుషుల మీద పరీక్షించి చూడటం. మూడు గంటలు మాట్లాడుకున్నాక నేను బయటికి వస్తే, మెట్ల దగ్గర ఒక తండ్రి నా కోసం నిలబడి ఉన్నాడు. లోపల మాలో ఎవరూ ఎత్తని ప్రశ్న ఆయన అడిగాడు: "సార్, ఆ కాగితం మీద సంతకం పెడితే, బాబుకి ఏమైనా అయినప్పుడు ఇక మమ్మల్ని ఎవరూ పట్టించుకోరట కదా?"

పిల్లల డాక్టరుగా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే. జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

అపోహ: సంతకం పెట్టామంటే హక్కులు వదులుకున్నట్టే.

ఈ భయం ఎక్కడిదో నాకు తెలుసు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర, కాళ్లూ చేతులూ ఆడని సమయంలో, "ఏం జరిగినా మాదే బాధ్యత" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టిన అనుభవం ప్రతి కుటుంబానికీ ఉంది. (అలా రాయించుకున్నంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం మాఫీ కాదు. అది వేరే కథ.) ట్రయల్ సమ్మతి పత్రాన్ని కూడా జనం అదే గాటన కట్టేస్తారు. నిజానికి ఇది దానికి పూర్తిగా తలకిందులు. ఇందులో మాట ఇచ్చేది ముఖ్యంగా ట్రయల్ చేయించే అవతలి పక్షం.

2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో ఉన్న మనిషికి హాని జరిగితే అవసరమైనంత కాలం వైద్యం ఉచితంగా చేయించాలి. ఆ హానికి ట్రయలే కారణం కాదని తేలేదాకా ఆ బాధ్యత తప్పదు. కారణమని తేలితే వైద్యంతో పాటు నష్టపరిహారం కూడా ఇవ్వాలి. తీవ్రమైన ఇబ్బంది ఏది వచ్చినా పరిశోధకుడు 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, ఎథిక్స్ కమిటీకి (ట్రయల్‌లో చేరినవారి హక్కులు, క్షేమం చూసే సంఘం), ట్రయల్ చేయిస్తున్న కంపెనీకి తెలియజేయాలి. మీరు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా ట్రయల్ మానుకోవచ్చు. మానుకున్నారని మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. సమ్మతి పత్రం నకలు మీ చేతికి ఇచ్చి తీరాలి. చదువు రానివారైతే సంబంధం లేని సాక్షి ఒకరు మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండాలి.

ఇదంతా నేనే ఒక తల్లికి ముప్పావుగంట కూర్చుని చదివి వినిపించాను. పాపకు టీకా వేశాక ఇంటికి థర్మామీటరు, సూది గుచ్చిన చోట వాపు కొలవడానికి చిన్న ప్లాస్టిక్ స్కేలు, రోజువారీ వివరాలు రాసే డైరీ కార్డు ఇచ్చి పంపాం. ఎనిమిదో రోజున వచ్చారు. కార్డు తెల్లగా ఉంది. థర్మామీటరు డబ్బా మీద అంటించిన టేపు కూడా ఊడలేదు. "జ్వరం ఏమీ రాలేదా అమ్మా?" అంటే ఆ అమ్మాయి తల దించుకుంది. నాయనమ్మ చెప్పింది, రెండో రోజు రాత్రి పాప ఒళ్లు కాలిపోయిందని, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఇంజెక్షన్ చేశాడని. ఏ ఇంజెక్షనో ఎవరికీ తెలియదు. మాకు ఫోను ఎందుకు చేయలేదని అడిగితే, "సంతకం పెట్టేశాం కదా సార్, ఇక మిమ్మల్ని అడగకూడదేమో అనుకున్నాం" అంది ఆ తల్లి.

పాప బాగానే ఉంది. కానీ ఆ రాత్రి ఆ కుటుంబం ఎంత బిక్కుబిక్కుమంటూ గడిపి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఉచితంగా రావలసిన వైద్యానికి చేతి డబ్బు పెట్టుకున్నారు. పైగా ఇలాంటి జ్వరాలు లెక్కలోకి రాకపోతే, రేపు అదే టీకా వేయించే తల్లులందరికీ మేము చెప్పే మాట ఆ మేరకు తప్పవుతుంది. అప్పటినుంచి నేను సంతకానికి ముందు విన్నదంతా వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమంటున్నాను. "అర్ధరాత్రి అయినా ఫోను చేయొచ్చు" అన్న మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా పెన్ను ఇవ్వను.

ఈ అనుమానాలకు మూలం లేదని మాత్రం అనను. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన వ్యవహారం మరిచిపోగలమా? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. కానీ సమ్మతి మాటేమిటి? మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక తేల్చింది. కన్నవాళ్లకు చెప్పకుండా చేసిన సంతకం సంతకమే కాదు. దాన్ని ట్రయల్ అనకుండా వేరే పేరు పెట్టి నడిపారు. కాబట్టి ఎవరైనా "ఇది ట్రయల్ కాదు, ఊరికే ఒక ప్రాజెక్టు" అంటే ఇంకా గట్టిగా అడగండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఇచ్చి పిల్లల్ని జబ్బుకు వదిలేస్తారు. మీ పాపకు 6, 10, 14 వారాలకు వేయించే రోటా చుక్కల సంగతే చూడండి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్‌ను ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువుల మీద, కొందరికి టీకా, కొందరికి ప్లాసిబో ఇచ్చి పరీక్షించారు. ఏ గుంపులో ఉన్న బిడ్డకు విరేచనాలు పట్టుకున్నా వైద్యం చేశారు.

అపోహ: అంగన్‌వాడీలో బుధవారం వేసేదీ ప్రయోగమే. కాదు. సమ్మతి పత్రం, ఎథిక్స్ కమిటీ, సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ వివరాలు నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టరు) నమోదు లేనిదే ట్రయల్ ఉండదు. ఈ పుకారు నమ్మి మీజిల్స్ టీకా మానేసిన ఇళ్లకు వెళ్లి చూసినవాణ్ణి. వాట్సాప్‌లో దాన్ని పంపేవాళ్ల మీద నాకు ఓపిక లేదు.

అపోహ: ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చేది డాక్టర్ల సంఘమే, వాళ్ల చందాలన్నీ కంపెనీలవే. మా సంఘానికి ఏ ట్రయల్‌నూ ఆమోదించే అధికారం లేదు. అనుమతి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థది, పరిశీలన ఎథిక్స్ కమిటీది. ఆ కమిటీలో డాక్టరు కాని సామాన్యుడు, న్యాయం తెలిసిన వ్యక్తి, కనీసం ఒక మహిళ ఉండాలి. చందా అయితే మా జేబులోదే.

ఆదివారం గొడవంతా ఈ చివరి మాట దగ్గరే. చందా పెంచే బదులు హాలు అద్దె, భోజనాల ఖర్చు ట్రయల్ కంపెనీ చేత పెట్టిద్దామని కొందరు సూచించారు. నేను లేచి వద్దన్నాను. ఒక తల్లికి సమ్మతి పత్రం చదివి వినిపించే మనిషి ముందురోజు ఆ కంపెనీ భోజనం తిని ఉండకూడదు. చేతులెత్తి ఓటు వేశాం. చందా పెరిగింది. వచ్చే నెల నుంచి టీతో సరిపెట్టుకుంటాం.

మెట్ల దగ్గర ఆ తండ్రితో ఇంకో అరగంట నిలబడ్డాను. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. కాగితం ఇంటికి తీసుకెళ్లి భార్యతో కలిసి మళ్లీ చదువుకుంటానన్నాడు. తీసుకెళ్లమన్నాను.